రాజకీయ నాయకుల వాక్పారుష్యము - మన సంఘ కర్తవ్యము

(మొగుళ్లపల్లిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)





విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. అవి మన మహాసభలలో ఏటేట వినవచ్చు విషయములే యైనను ఎన్నిమారులు విన్నను చాలవు. నాకు నియమింపబడిన విషయము మాత్రము క్రొత్తది. రాజకీయ నాయకులు సామాజిక మాధ్యమములందు వాడుచున్న అమర్యాద భాషను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను ఆజ్ఞాపించిరి. శాసనసభలో చర్చింపవలసిన విషయమును కులసంఘపు పందిరి క్రిందికి తెచ్చుట యేల యని మీలో కొందఱికి సందేహము కలుగవచ్చును. ఆ సందేహమునకు సమాధానము చెప్పుటయే నా ప్రసంగమున ముఖ్యభాగము.

విమర్శయు దూషణమును

మొట్టమొదట ఈ రెండు మాటలకును గల భేదమును స్థిరపఱచుకొందము. వాగ్దానము నెరవేర్పలేదనియు, లెక్కలు తప్పనియు, ప్రజాధనము వ్యర్థమైనదనియు ఎంత కఠినముగా పలికినను అది విమర్శయే యగును. అధికారమందున్నవారు దానిని సహింపవలసినదే. ఎదుటివాని తల్లిని, ఇల్లాలిని, బిడ్డను, శరీరమును, కులమును, కులవృత్తిని పట్టుకొని పలికినది దూషణము. విమర్శకు లెక్కలతో బదులు చెప్పవచ్చును. తల్లిని తిట్టినవానికి లెక్కలతో చెప్పదగిన బదులు లేదు. అందుచేతనే దూషణము మొదలైన చోట వాదము ముగిసి కర్రలు లేచును.

ఈ వివేకము మన పూర్వులకు లేకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణములో వాక్పారుష్యమను ప్రకరణము కలదు. శరీరమును, స్వభావమును, చదువును, వృత్తిని, దేశమును పట్టి నిందించుటను అందు వేర్వేరుగా లెక్కించి పణములలో దండువు విధించిరి. అన్న మాట నిజమైనను నింద నిందయే యని అందు నిర్ణయము. కన్ను లేనివానిని గ్రుడ్డివాడా యని పిలిచినను దండువే. వెక్కిరింపుగా నీ కన్నులు చక్కనివని పొగడినను దండువే. అందలి దండువు తిట్టినవాని స్థితిని, తిట్టుపడినవాని స్థితిని బట్టి హెచ్చుతగ్గులు కలిగియుండెను. మనుష్యులందఱు సమానులని రాజ్యాంగము చాటిన పిమ్మట ఆ హెచ్చుతగ్గులు మనకు గ్రాహ్యములు కావు. కాని వృత్తిని పట్టి తిట్టుట నేరమని రెండు వేల యేండ్లనాటి గ్రంథమే గుర్తించిన సంగతిని, వృత్తులపేరనే కులములుగా ఏర్పడిన మనము మఱవరాదు.

సభకు సభాపతి కలడు

శాసనసభలో తగని మాట యెవరైన నాడినచో సభాపతి దానిని రికార్డులనుండి తొలగింపగలడు. అవసరమైనచో ఆ సభ్యుని బయటికి పంపగలడు. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడినపుడు తొలి శాసనసభకు సభాపతియైన శ్రీ సిరికొండ మధుసూదనాచారిగారు మన భూపాలపల్లి నియోజకవర్గమునుండియే గెలిచిరి. మన మొగుళ్లపల్లి మండలము ఆ నియోజకవర్గములోనిదే. కావున సభామర్యాదను కాపాడు పీఠమును గూర్చి ఈ ప్రాంతమువారికి ఒకరు నేర్పనక్కఱలేదు.

అయితే నేడు ఆ పీఠమునకు గల శక్తి క్షీణించినది. 2023 సెప్టెంబరు 21వ తేదీన లోక్‌సభలో రమేశ్ బిధూరియను సభ్యుడు సాటిసభ్యుడగు డానిష్ అలీగారిని మతమును పట్టి దూషించెను. సభాపతి ఆ మాటలను రికార్డులనుండి తొలగించిరి. రక్షణమంత్రిగారు సభలోనే విచారము వెలిబుచ్చిరి. కాని తొలగింపబడిన మాటలు నాటి సాయంకాలమునకే దేశమందలి చేతిఫోనులన్నిటికిని చేరెను. సభాపుస్తకమున లేని మాట ప్రజల చేతిలో శాశ్వతముగా నిలిచినది. ఇది యంతయు సభాపతి కూర్చుండిన చోట జరిగిన పని. ఇక ఫేస్‌బుక్కు, వాట్సాపు, యూట్యూబు, ఎక్సు అను వేదికలపై సభాపతియే లేడు. ఆ వ్యాపారసంస్థలు నియమములు ప్రకటించుకొన్నను తెలుగు తిట్టు వాటి దృష్టికి వచ్చుట అరుదు. వచ్చునప్పటికి అది ఊరూర తిరిగి యుండును. గోషామహల్ శాసనసభ్యుడగు రాజాసింగుగారిని 2020 సెప్టెంబరులో ఫేస్‌బుక్కువారు తమ వేదికనుండి నిషేధించిరి. అదియు దేశవిదేశ పత్రికలలో పెద్ద వివాదము చెలరేగిన పిదపనే జరిగెను.

2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట ఇంటర్నెట్టు వెల పడిపోయి, మిరపతోటలో కూలికి పోవు పిల్లవాని చేతికిని అది అందినది. దానివలన మన పిల్లలు చదువుకొనుచున్నారు. దూరదేశములందున్న బిడ్డల ముఖములు తల్లులు చూచుకొనుచున్నారు. ఆ మేలును నేను కాదనను. కాని రెండు గంటల ఉపన్యాసములో నాయకుడు నీళ్లను గూర్చి, పంటల ధరను గూర్చి చెప్పిన మాట మన యూరు చేరదు. నడుమ దొర్లిన ఒక్క తిట్టును కత్తిరించి అర నిమిషపు ముక్కగా పంపినచో అది వెంటనే చేరును. అభిమానులు గర్వముతో పంపుదురు. విరోధులు కోపముతో పంపుదురు. ఇరువురిచేతను ప్రచారమగునది తిట్టొక్కటియే. ఈ రహస్యమును నాయకులు గ్రహించిరి. ఇప్పుడు తిట్టు నోరుజారి వచ్చుట తగ్గి, లెక్కచూచుకొని వచ్చుట హెచ్చినది.

ఒక్క మాట తెచ్చిన అనర్థము

మన ఓరుగంటి ప్రాంతమునకు సంబంధించిన ఒక యుదంతమును చెప్పెదను. ఎవరిని చిన్నబుచ్చుట నా యుద్దేశము కాదు. అందలి పాఠమే ప్రధానము.

2024 సెప్టెంబరు చివర, నాడు రాష్ట్రమంత్రియు వరంగల్ తూర్పు శాసనసభ్యురాలును అగు శ్రీమతి కొండా సురేఖగారికి ఒక సభయందు పార్లమెంటు సభ్యుడొకరు గౌరవార్థము నూలుదండ వేసిరి. ఆ ఛాయాచిత్రమునకు కొందఱు నీచమైన వ్యాఖ్యలు తగిలించి సామాజిక మాధ్యమములందు త్రిప్పిరి. ఒక స్త్రీకి జరిగిన ఆ యవమానము మిక్కిలి గర్హింపదగినది. ఆమె పత్రికలవారి యెదుట కంటతడి పెట్టిరి. ప్రతిపక్షమువారు సైతము ఆ వ్యాఖ్యలను ఖండించిరి. అంతటితో ఆగియుండినచో లోకమంతయు ఆమె పక్షముననే యుండెడిది. కాని అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడే, ఆమె తన రాజకీయ ప్రత్యర్థియగు శ్రీ కె. తారకరామారావుగారిని విమర్శించుచు, ఆ కలహముతో ఏ సంబంధమును లేని ఒక సినిమానటి కుటుంబజీవితమును నడుమకు లాగిరి. మఱునాడు ఆ నటికి కలిగిన బాధకు చింతించి, ఎక్సు వేదికపై తన మాటను ఉపసంహరించుకొనిరి. శ్రీ అక్కినేని నాగార్జునగారు న్యాయస్థానమున పరువునష్టపు వ్యాజ్యము వేసిరి. 2025 నవంబరులో మంత్రిగారు మరల విచారము తెలుపగా ఆయన ఆ వ్యాజ్యమును వెనుకకు తీసికొనిరి.

మహాశయులారా! ఇందలి క్రమమును గమనింపుడు. మొదట ఒక స్త్రీ తన తప్పు లేకయే అవమానింపబడినది. ఆ యవమానపు వేడిలో పలికిన మాట మఱియొక నిర్దోషియగు స్త్రీని కాల్చినది. తిట్టు తిట్టినవానియొద్దకు తిరిగి పోలేదు. దారిన పోవుచున్నవారిపై పడినది. తుదకు పెద్దలు విచారము తెలుపుకొని, వ్యాజ్యము మాని, సమాధానపడిరి, అది మంచిదే. కాని ఆ యేడాదికి పైబడిన కాలములో వారివారి పక్షముల పేర ఊరూర వాట్సాపు కూటములలో ఒకరినొకరు తిట్టుకొన్న పిల్లలను సమాధానపఱచినవారెవరు? వారి విరోధము నట్లే నిలిచియున్నది. నాయకులు రాజీపడుదురు, పక్షములు మారుదురు, ఒకే బల్లకడ భోజనము చేయుదురు. ఊరిలో చెడిన పొత్తు మాత్రము తరతరములకు అతుకదు. ఈ విషయము కులసంఘ సభలో మాటలాడుటకు ఇది మొదటి కారణము.

యాసపై వేయు నెపము

రెండవ కారణము మన భాషకు సంబంధించినది. తప్పు మాట పలికి పట్టుబడినపుడు నాయకులు ఇటీవల ఒకే సమాధానము చెప్పుచున్నారు: ఇది మా తెలంగాణ యాస, ఇది పల్లెలలో వాడుకగా అనుకొను మాట, తెలియనివారు అపార్థము చేసికొనిరి అని.

2023 మార్చిలో నాటి భారతీయ జనతాపక్ష రాష్ట్రాధ్యక్షుడు శ్రీ బండి సంజయ్‌గారు శ్రీమతి కవితగారిని గూర్చి పలికిన మాటపై రాష్ట్ర మహిళాసంఘము ఆయనను పిలిపించగా, అది తెలంగాణమున వాడుకలోనున్న నానుడి యని సమాధానము వచ్చెను. 2024 ఏప్రిల్ 5వ తేదీన సిరిసిల్లలో కాంగ్రెసువారిని గూర్చి పలికిన మాటలకు మాజీ ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావుగారిని ఎన్నికల సంఘము మే 1వ తేదీ రాత్రి 8 గంటలనుండి 48 గంటలపాటు ప్రచారము చేయరాదని నిషేధించెను. స్థానిక భాష తెలియని అధికారులు తన మాటలను సరిగా గ్రహింపలేదని వారు చెప్పిరి. 2025 జులైలో శాసనమండలి సభ్యుడగు తీన్మార్ మల్లన్నగారు వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లను గూర్చి మాటలాడుచు కవితగారిపై "కంచం పొత్తు, మంచం పొత్తు" అను నానుడిని ప్రయోగించిరి. జులై 13వ తేదీన ఆమె అనుచరులు మేడిపల్లిలోని ఆయన కార్యాలయముపై బడిరి, అంగరక్షకుడు తుపాకి పేల్చెను, రక్తము చిందెను. ఆయనయు అది పల్లెలలోని నానుడియే యనిరి. ఈయన మనకు దూరపువారు కారు. వరంగల్, ఖమ్మము, నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గమునుండి 2024 జూనులో ఎన్నికైనవారు. మన మండలపు పట్టభద్రులును ఆ యెన్నికయందు ఓటర్లే.

ముగ్గురు నాయకులు, మూడు సంవత్సరములు, సమాధాన మొక్కటియే. ఈ సమాధానములో కొంత సత్యము లేకపోలేదు. మన వైపు పల్లెలలో గౌరవము బహువచనములో లేదు, వరుసలో నున్నది. పెద్దవానిని "అన్నా, నువ్వు ఎప్పుడొచ్చినవే" యని యందుము. ముసలివానిని బాపూ యనియు, వృద్ధురాలిని అవ్వా యనియు పిలిచి నువ్వు అని మాటలాడుదుము. పట్టణమువాడు విని ఇది అమర్యాద యనుకొనును. కాని ఆ అన్నలోను, బాపులోను ఉన్న ఆదరము వేయి బహువచనములకు సాటి వచ్చును. కంచము పొత్తు, మంచము పొత్తు అను నానుడికిని కులాంతర సహపంక్తి భోజనము, వియ్యము అనునవియే అర్థమని పెద్దలు చెప్పుదురు. కాని ఒక మాటకు రచ్చబండ దగ్గఱ ఒక అర్థము, ఒక స్త్రీ పేరు ముందుంచి లక్షలమంది వినునట్లు పలికినపుడు ఇంకొక అర్థము కలుగునని పలుకుబడి గలవారికి తెలియదా? ఏ మాట యెక్కడ అనవలెనో యెఱుగుటయే కదా మన పల్లెపెద్దలు పంచాయితీలలో చూపిన నేర్పు!

మఱియు ఈ యాస యొక్క చరిత్రను స్మరింపుడు. చిరకాలము మన మాట పుస్తకములలోను, చలనచిత్రములలోను నవ్వులపాలైనది. రౌడీ పాత్రకును హాస్య పాత్రకును మాత్రమే అది తగినదని ఎంచబడినది. దానికి గౌరవము తెచ్చుటకు తమ జీవితములు ధారపోసినవారు మన ఓరుగంటివారే. కాళోజీ నారాయణరావుగారు ప్రజల పలుకుబడియందే కవిత్వము చెప్పిరి. ప్రభుత్వములను ఆయన నిలదీసినంత తీవ్రముగా నిలదీసినవారు కొలదిమందియే. అత్యవసరస్థితి అనంతరము సత్తుపల్లిలో నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారిమీదనే పోటీకి నిలిచి ఓడిరి. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషాదినముగా మనము జరుపుకొనుచున్నాము. మన జిల్లా ఎవరి పేరు ధరించియున్నదో ఆ ఆచార్య జయశంకర్‌గారు ఆత్మకూరు మండలమందలి అక్కంపేటలో జన్మించిరి. నీళ్లయందు, నిధులయందు, ఉద్యోగములందు జరిగిన అన్యాయమును అంకెలతో, ఆధారములతో ఐదు దశాబ్దులు చెప్పుచువచ్చిరి. ఈ యిరువురును కటువుగా మాటలాడిరి, మన యాసలోనే మాటలాడిరి. ఎదుటివాని తల్లి జోలికి పోవలసిన అవసరము వారికి కలుగలేదు. అట్టివారు గౌరవము సంపాదించి పెట్టిన భాషను నేడు తిట్టుకు తెరగా పట్టుకొనుట, ఆ భాషను మరల ఆ రౌడీ పాత్రకే అప్పగించుట యగును. యాసను అవమానించువారు నాడు బయటివారు. నేడు మనవారే యగుచున్నారు.

మనవాడను మాట

ఇక మూడవ కారణము. ఇది మనకు అన్నిటికంటె దగ్గఱి కారణము, చెప్పుటకు కష్టమైన కారణము. పోషకులును, వివిధ రాజకీయపక్షములలో పదవులనలంకరించిన మన బంధువులును ఈ సభలో నున్నారు. వారు నన్ను మన్నింతురుగాక!

ఇతర కులమువాడగు నాయకుడు మనవారిని ఒక మాట యన్నచో మనము సభలు చేయుదుము, దిష్టిబొమ్మలు కాల్చుదుము, ఠాణాలో ఫిర్యాదు చేయుదుము. అది న్యాయమే. మన కులమువాడు ఇతరుని అదే మాట యన్నచో మనమేమి చేయుచున్నాము? మనవాడు గట్టిగా అడిగినాడని మురియుచున్నాము. ఆ ముక్కను మన సంఘపు వాట్సాపు కూటములోనే పంచుకొనుచున్నాము. ఎవరైన అది తప్పన్నచో కులద్రోహి యని ముద్రవేయుచున్నాము. ఈ దోషము మన యొక్క సంఘమునకే పరిమితము కాదు. ప్రతి కులసంఘమునను ఉన్నది. అందఱిలోను ఉండుటచేత అది దోషము కాకపోదు.

తెలుగున గల తిట్లలో ఎన్ని కులముల పేర్లతోను, ఎన్ని వృత్తుల పేర్లతోను ఏర్పడినవో మీకు తెలియును. వాటిని ఈ పవిత్ర వేదికపై ఉచ్చరింపను. మన తాతలు చేసిన పనినే తిట్టుగా విని మన తండ్రులు తల వంచుకొన్నారు. ఈ సంఘము పుట్టినదే ఆ వంచిన తలను ఎత్తుటకు. అట్టి సంఘము, తనవాడు మఱియొకని వృత్తిని తిట్టుగా వాడినపుడు చప్పట్లు కొట్టినచో, మన పూర్వులు పడిన అవమానమునకు మనమే వారసులను వెదకి పెట్టినట్లగును. దళితులను, గిరిజనులను కులము పేర బహిరంగముగా దూషించుట 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము క్రింద నేరము. చట్టమునకు వెఱచి వారిని మాత్రము తిట్టక, తక్కినవారిని తిట్టవచ్చునను నీతి నీతి కాదు.

ఆడవారి సంగతి మఱింత శోచనీయము. నాయకుడు ప్రత్యర్థి నెదుర్కొనలేక అతని యింటి ఆడబిడ్డను పేర్కొనును. 2021 నవంబరు 19వ తేదీన ఆంధ్రప్రదేశ శాసనసభనుండి నాటి ప్రతిపక్షనాయకుడు శ్రీ చంద్రబాబునాయుడుగారు తన భార్యపై వచ్చిన మాటలకు వ్యథచెంది, ముఖ్యమంత్రిగానే తిరిగివత్తునని పలికి నిష్క్రమించిరి. పత్రికలవారి యెదుట దుఃఖించిరి. 2024 జూనులో అట్లే తిరిగి వచ్చిరి. ఆ తరువాత నవంబరులో, ఆయనను, సహచరులను, వారి కుటుంబముల స్త్రీలను దూషించిరని పలువురు యువకులు అరెస్టయిరి. తిట్టించిన పెద్ద లెవరో, చెఱసాలకు పోయిన పిన్న లెవరో మీరే యోచింపుడు.

పిల్లవాని తలపై పడు భారము

నాయకుడు తిట్టినచో అతనికి న్యాయవాదులు కలరు, అనుచరులు కలరు. ఆ తిట్టును పంపిన మన పిల్లవానికి ఎవరు కలరు? 2024 జులై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. శాంతిభంగము కలుగునట్లు బుద్ధిపూర్వకముగా అవమానించుట అందు 352వ విభాగము. స్త్రీ మర్యాదకు భంగము కలిగించు మాట 79వ విభాగము. పరువునష్టము 356వ విభాగము. వర్గముల మధ్య వైరము పెంచుట 196వ విభాగము. డిగ్రీ చదువుచు కానిస్టేబులు ఉద్యోగమునకు పరుగుపందెము అభ్యసించు పిల్లవానిపై ఇట్టి కేసు ఒకటి నమోదైనచో, ఉద్యోగ విచారణయందును, పాస్‌పోర్టు విచారణయందును అది యెదురు నిలుచును. తల్లిదండ్రులు పత్తి యమ్మిన పైకమును పరకాల, హనుమకొండ, భూపాలపల్లి న్యాయస్థానముల చుట్టు తిరుగుటకు వెచ్చింపవలసి వచ్చును.

ఇట్లనుటచేత పోలీసువారు ప్రతి పరుషవాక్యమునకు కేసు పెట్టుట న్యాయమని నేను చెప్పుటలేదు. సమాచార సాంకేతిక చట్టమందలి 66ఏ విభాగమును, అది వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని, సర్వోన్నత న్యాయస్థానము 2015 మార్చి 24వ తేదీన కొట్టివేసినది. 2025 మార్చిలో ఒక వృద్ధుడు ముఖ్యమంత్రిని తిట్టిన దృశ్యమును ప్రసారము చేసిరని ఇరువురు స్త్రీ విలేఖరులను అరెస్టు చేసిరి. దానిపై శాసనసభలో ముఖ్యమంత్రి శ్రీ రేవంత్‌రెడ్డిగారు చేసిన హెచ్చరికయందలి భాషయు దేశమంతట చర్చకు వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన మన రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఒక కార్యకర్తపై పెట్టిన మూడు కేసులను కొట్టివేసి, రాజకీయ విమర్శ కటువుగా నున్నంతమాత్రమున కేసు నమోదు చేయరాదనియు, ముందుగా విచారింపవలెననియు, తొందరపడి అరెస్టు చేయరాదనియు మార్గదర్శకములు విధించినది. ఇది ప్రజలకు రక్షణ. కడుపు మండిన రైతు నోట వచ్చిన తిట్టును, అధికారపీఠము నధిష్ఠించినవాని నోట వచ్చిన తిట్టును ఒకే త్రాసున తూచరాదు. రైతు తిట్టు మొఱ. దానిని విని కారణ మరయవలెను. పాలకుని తిట్టు ఆజ్ఞ వంటిది. దానిని విన్న అనుచరులు దానిని కార్యరూపమున పెట్టుదురు. పెద్దవారు నోరు అదుపులో నుంచుకొనవలెనని కోరుట పేదవాని నోరు నొక్కుట కాదు.

కర్తవ్యము

చట్టముచేత అన్నియు జరుగవు. మొగుళ్లపల్లివంటి మండలమున మన సంఘము చేయగల పనులు నాలుగు నాకు తోచుచున్నవి. వాటిని తీర్మానములుగా నంగీకరింపుమని సభను ప్రార్థించుచున్నాను.

ఒకటవది: మన సంఘము పేర నడచు వాట్సాపు కూటములన్నిటియందు, ఏ పక్షపు నాయకుడు పలికినదైనను, కులమును, స్త్రీలను, తల్లిదండ్రులను పట్టి తిట్టిన మాటను గాని దృశ్యమును గాని పంపరాదు. పంపినవారికి కూటమి నిర్వాహకుడు ఒకమారు హెచ్చరిక చేసి, రెండవమారు తొలగింపవలెను. విమర్శకు, చర్చకు అడ్డు పెట్టరాదు.

రెండవది: అట్టి దూషణము చేసిన నాయకుడు, అతడు మన కులమువాడైనను, మన నిధికి ఎంత చందా యిచ్చినవాడైనను, ఏ వేదికపై తిట్టెనో ఆ వేదికపైననే విచారము తెలుపువఱకు మన సభలలో పూలదండ వేయరాదు. తెలిపిన పిదప ఆదరింపవలెను. విచారము తెలుపుట చిన్నతనము కాదు.

మూడవది: ఏటేట మన విద్యార్థులకు వక్తృత్వపు పోటీ పెట్టవలెను. ఒకే విషయముపై రెండు పక్షముల వాదించుటను పిల్లలకు నేర్పవలెను. తన యాసలోనే, అంకెలతో, ఆధారములతో, ఎదుటివానిని వరుసపెట్టి పిలిచి వాదించినవానికి బహుమానమీయవలెను. తిట్టక గెలువవచ్చునని పిల్లవానికి ఒక్కసారి తెలిసినచో వాడు మరల తిట్టుకు దిగడు.

నాల్గవది: 2025 డిసెంబరులో గ్రామపంచాయతీ ఎన్నికలు ముగిసినవి. గెలిచినవారును ఓడినవారును మనవారే, మన పొరుగువారే. ఆ దినములలో ఫోనులందు పడిన మాటలవలన పలుకరింపులు మానుకొన్న యిండ్లున్నచో, ప్రతి గ్రామమున మన పెద్దలిద్దఱు, ఇతర కులముల పెద్దలిద్దఱు కలసి వారిని ఒకచోట కూర్చుండబెట్టి మాట కలుపవలెను. ఈ పని చట్టము చేయలేదు. రాజధానిలోని నాయకుడు చేయడు. ఊరివారే చేయవలెను.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు చెప్పుదురు. అందలి ఊరు అను మాటను మీరు ఒకమారు ఆలోచింపుడు. మాట్లాడినవాడు మంచివాడగునని వారనలేదు, ఊరు మంచిదగుననిరి. ఒకని నోటి ఫలమును ఊరంతయు అనుభవించుననుట వారి భావము. నాటి యూరు చావడి మేరకే. నేటి యూరు ఫోను చేరినంత మేర. కావున నేటి నాయకునికి నాటి పెద్దకంటె పదిరెట్లు జాగరూకత వలయును. అది లేనివానికి మన ఓటును, మన దండను, మన చప్పట్లను ఇచ్చునపుడు మనమును జాగరూకత వహింపవలయును.

నా మాటలలో ఏదైన కటువు తోచినయెడల అది విషయమునందలి కటుత్వమే గాని వ్యక్తులపై ద్వేషము కాదని మనవి చేయుచున్నాను. ఈ తీర్మానములు కాగితమున నిలిచిపోక మన గ్రామములందు ఆచరణకు వచ్చుగాక యని కోరుచు విరమించుచున్నాను.